తైనోల దోనె: ఒక చెట్టు మానులో ఒక జాతి జీవితం



ఈ పాఠాన్ని ఒక చిన్న పనితో మొదలుపెడదాం. హరికేన్, బార్బెక్యూ, హామక్, మెయిజ్, కనూ. ఈ ఐదు మాటలూ మీ నోటు పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకోండి. మొదటిది అట్లాంటిక్ మహాసముద్రంలో పుట్టే పెనుతుఫానుకు పేరు. రెండోది నిప్పుల పైన కర్రల తడక కట్టి మాంసం, చేపలు కాల్చే పద్ధతి. మూడోది రెండు చెట్లకు కట్టుకొనే వల ఉయ్యాల. నాలుగోది మన మొక్కజొన్న. ఐదోది తెడ్డుతో నడిపే సన్నని పడవ. ఒలింపిక్ క్రీడల్లో ఈ పేరుతోనే పందేలు జరుగుతాయి.

ఇంగ్లీషువాళ్ళు ఈ మాటలను స్పానిష్ భాష నుంచి తెచ్చుకొన్నారు. మరి స్పెయిన్ వాళ్ళకు ఎక్కడివి? కరీబియన్ సముద్రపు దీవుల్లో నివసించిన తైనో ప్రజల నోటి నుంచి విని నేర్చుకొన్నారు. మాటలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఆ మాటలు పలికిన ప్రజలు మాత్రం చరిత్ర పుస్తకాల్లో తరచు ఒకటి రెండు వాక్యాలకు మించరు. కొలంబస్ వచ్చాడు, వాళ్ళను చూశాడు, ఆ తర్వాత వాళ్ళు అంతరించారు అని ఆ వాక్యాల సారాంశం.

ఈ పాఠంలో మనం ఆ ప్రజలను వాళ్ళ దోనె ద్వారా తెలుసుకొందాం. దోనె ఎలా చేశారో అడిగితే, వాళ్ళ అడవి, పొలం, వంటిల్లు, చుట్టరికాలు అన్నీ ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. ఇనుము ఎరుగని ప్రజలకు ఏపాటి జ్ఞానం ఉంటుంది అనే ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది.

1. ఎవరీ తైనోలు?

ప్రపంచ పటంలో ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల మధ్య చూడండి. క్యూబా, జమైకా, హిస్పానియోలా, ప్యూర్టోరికో అనే పెద్ద దీవులు కనిపిస్తాయి. హిస్పానియోలాలో నేడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ అనే రెండు దేశాలున్నాయి. వీటికి ఉత్తరాన బహామా దీవుల గుంపు ఉంది. ఇదంతా తైనోల ప్రాంతం. బహామాల్లో ఉన్నవారిని లుకాయన్లు అని కూడా అంటారు.

వీరి పూర్వీకులు దక్షిణ అమెరికాలోని ఓరినోకో నది ప్రాంతం నుంచి బయలుదేరి, సుమారు 2,500 సంవత్సరాల క్రితం ఈ దీవుల్లోకి వచ్చారు. కుండలు చేయడం, దుంపలు పండించడం తమ వెంట తెచ్చుకొన్నారు. ఈ వలసను ఒకసారి ఊహించండి. నడిచి వచ్చే దారి లేదు. పసిపిల్లలు, విత్తనపు దుంపలు, నిప్పు, కుక్కలు అన్నీ పడవల్లోనే దాటాలి. అంటే దోనె వీళ్ళ చరిత్రలో మొదటి రోజు నుంచే ఉంది.

'తైనో' అనే మాటకు వాళ్ళ భాషలో మంచివాడు, గౌరవనీయుడు అని అర్థం. స్పెయిన్ వాళ్ళకు తమ గురించి చెప్పేటప్పుడు కొందరు ఆ మాట వాడారు. తర్వాతి కాలపు పండితులు దాన్నే జాతి పేరుగా స్థిరపరిచారు. కొలంబస్ మాత్రం వాళ్ళను 'ఇండియన్లు' అన్నాడు. తాను ఆసియా అంచుకు, ఇండీస్ ప్రాంతానికి చేరానని అతడు నమ్మాడు. మన దేశం పేరు అట్లాంటిక్ అవతలి ప్రజలకు అంటుకోవడానికి కారణం ఇదే.

2. మనకు తెలిసేది ఎలా?

తైనోలకు లిపి లేదు. కాబట్టి మన ఆధారాలు మూడు రకాలు.

మొదటిది, స్పెయిన్ వాళ్ళు రాసినవి. 1492 అక్టోబరు 12న కొలంబస్ బహామాల్లోని గ్వానహానీ అనే దీవిలో దిగాడు. అతని దినచర్య పుస్తకం మూలప్రతి పోయింది. బార్తొలొమె ద లాస్ కాసాస్ అనే మతాచార్యుడు దాని నుంచి తయారుచేసిన సంగ్రహం మిగిలింది. రామోన్ పానే అనే సన్యాసి హిస్పానియోలాలో తైనోల మధ్య నివసించి, వారి నమ్మకాల గురించి 1498 ప్రాంతంలో ఒక చిన్న నివేదిక రాశాడు. ఒవియేదో అనే రాజోద్యోగి 1535లో ప్రచురించిన చరిత్రలో చెట్లు, పంటలు, పడవల గురించి వివరంగా రాశాడు. వీళ్ళందరూ బయటివాళ్ళు. బంగారం, మతం, రాజ్యం వాళ్ళ మనసుల్లో ఉన్నాయి. ఆ సంగతి గుర్తుంచుకొని చదవాలి.

రెండోది, తవ్వకాల్లో దొరికినవి. కొయ్య త్వరగా చివికిపోతుంది. అందుకే పూర్తి దోనెలు దొరకడం చాలా అరుదు. గుహల్లో తెడ్లు దొరికాయి. క్యూబా ఉత్తర తీరాన లాస్ బుచిల్యోనెస్ అనే చోట తడి బురదలో పూడిపోయిన ఇళ్ళ కొయ్యలు చెడకుండా నిలిచాయి. గాలి అందని బురదలో కొయ్యను తినే సూక్ష్మజీవులు సరిగా బతకలేవు; అదీ కారణం.

మూడోది, ఇటీవలి సంవత్సరాల్లో తోడైన డి.ఎన్.ఎ. పరీక్ష. దాని సంగతి చివర చూద్దాం.

3. చెట్టు దోనెగా మారే విధం

మనవైపు కొల్లేరు ప్రాంతంలో తాటి దోనెలున్నాయి. తాటిచెట్టు మొదలును తొలిచి, ఒకరిద్దరు కూర్చొనేలా చేస్తారు. పలకలు అతకడం లేదు, మేకులు లేవు, ఒకే మాను. తైనోల దోనె కూడా మౌలికంగా ఇదే. తేడా రెండు విషయాల్లో ఉంది. వాళ్ళ దోనె చెరువులో కాదు, సముద్రంలో నడవాలి. దాన్ని చేసేవారికి ఇనుప గొడ్డలి లేదు.

చెట్టు ఎంపిక: దేవదారులా సువాసన గల చెట్లు, మహోగని, సేబా అనే బూరుగు జాతి చెట్టు వాడేవారు. సేబా మనకు కొత్తది కాదు. తెల్లబూరుగ అని మనం పిలిచే చెట్టు అదే. మాను నిటారుగా, లావుగా పెరుగుతుంది, కొయ్య తేలిక. కానీ త్వరగా పాడవుతుంది. మహోగని బరువు, కానీ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఏ చెట్టు ఎంచుకోవాలి అన్నది పడవతో చేసే పనిని బట్టి ఉంటుంది.

చెట్టు నరకడం: నున్నగా అరగదీసిన రాతి గొడ్డళ్ళు వాళ్ళ ముఖ్యమైన పనిముట్లు. చూపుకు పూల రేకులా ఉంటాయి. కొయ్య పిడికి కన్నం చేసి దిగ్గొట్టేవారు. రాతి గొడ్డలితో పచ్చి మానును నేరుగా నరకడం చాలా కష్టం. అందుకని నిప్పును పనిలోకి దింపారు. చెట్టు మొదట్లో మంటపెట్టి, కొయ్య బొగ్గుగా మారాక ఆ బొగ్గును గొడ్డలితో చెక్కేవారు. మళ్ళీ మంట, మళ్ళీ చెక్కడం. మంట ఎక్కకూడదనుకొన్న చోట తడిమట్టి మెత్తితే అక్కడ ఆగిపోతుంది.

తొలచడం: మాను నేలకొరిగాక కొమ్మలు, బెరడు తీసి, పైభాగాన్ని కొంత చదును చేస్తారు. ఇక లోపలి భాగం. ఇక్కడా అదే సూత్రం: కాల్చు, గీకు. గీకడానికి రాతి పనిముట్లతోపాటు పెద్ద సముద్రపు శంఖాల మందపాటి అంచుతో చేసిన బాడిశలు, ఉలులు వాడేవారు.

ఇందులో ఉన్న భౌతికశాస్త్రం గమనించండి. కొయ్య ఉష్ణాన్ని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. పైపొర బొగ్గవుతున్నా, కాస్త లోపల ఉన్న కొయ్య చెక్కుచెదరదు. ఈ గుణం లేకపోతే నిప్పుతో పడవ చెక్కడం సాధ్యమయ్యేది కాదు. ఒక్క చోట మంట అతిగా లోపలికి పోతే అడుగు చిల్లిపడి నెలల శ్రమ వృథా అవుతుంది. కాబట్టి ఎంత నిప్పు, ఎంతసేపు, ఎప్పుడు నీళ్ళు చల్లాలి అన్నది అనుభవజ్ఞుడి చేతిలోని విద్య.

వెడల్పు చేయడం: గుండ్రటి మానును తొలిస్తే వచ్చే దోనె లోతుగా, ఇరుకుగా ఉంటుంది. అలలకు సులభంగా తిరగబడుతుంది. దీనికి కరీబియన్ ప్రజల ఉపాయం, దోనెలో నీళ్ళు, రాళ్ళు నింపి, వేడి తగిలించి, గోడలు మెత్తబడ్డాక వాటిని పక్కలకు తెరిచి, అడ్డుకర్రలు బిగించడం. కొయ్యలో నారపోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం తడి వేడిమికి మెత్తబడుతుంది, చల్లారాక కొత్త ఆకారంలో గట్టిపడుతుంది. డొమినికా దీవిలో ఉన్న కలినాగో అనే మరో స్థానిక జాతివారు ఒకే మానుతో పడవలు చేసే ఈ విద్యను నేటికీ నిలుపుకొన్నారు.

ఇంకొక ప్రశ్న. బహామా దీవులన్నీ సున్నపురాతి దీవులు. గొడ్డలికి పనికివచ్చే గట్టి అగ్నిశిలలు అక్కడ దొరకవు. అయినా అక్కడి తవ్వకాల్లో రాతి గొడ్డళ్ళు దొరికాయి. ఎలా? క్యూబా, హిస్పానియోలా వంటి పెద్ద దీవుల నుంచి వచ్చాయి. అంటే దోనె చేయడానికి కావలసిన గొడ్డలి, మరొక దోనెలో సముద్రం దాటి వచ్చింది! దీవుల మధ్య రాకపోకలు ఉండేవని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

4. కొలంబస్ లెక్క సరిచూద్దాం

గ్వానహానీలో కొలంబస్ చూసిన దోనెల్లో కొన్ని 40, 45 మందిని మోసేవి; కొన్నింటిలో ఒక్కడే మనిషి. రొట్టెలు కాల్చేవాడి గరిటె ఆకారంలో ఉన్న తెడ్లతో వేగంగా నడిపేవారు. దోనె తిరగబడితే అందరూ ఈదుతూ దాన్ని సరిచేసి, వెంట తెచ్చుకొన్న ఎండు బుర్రలతో నీళ్ళు తోడేసేవారు. 1492 నవంబరు 30న క్యూబా తీరాన అతని మనుషులు 95 పాల్మోల పొడవున్న దోనెను చూశారనీ, అందులో 150 మంది పడతారనీ దినచర్యలో ఉంది. మూడు రోజుల తర్వాత, ఎండా వానా తగలకుండా పైకప్పు వేసిన పడవల సాలలో మరో పెద్ద దోనె కనిపించింది.

పాల్మో అంటే జానెడు. సుమారు 21 సెంటీమీటర్లు. 95ను 21తో గుణిస్తే 1,995 సెం.మీ., అంటే దాదాపు 20 మీటర్లు. వెడల్పు రాయలేదు. 1.5 మీటర్లు అనుకొందాం. అర మీటరు నీటిలో మునిగిందనుకొందాం. 20 × 1.5 × 0.5 = 15 ఘనపు మీటర్లు. అయితే దోనె పెట్టెలా ఉండదు. కొనలు సన్నం, అడుగు గుండ్రం. అందుచేత సగం కంటే కొంచెం ఎక్కువగా 8 ఘనపు మీటర్లు తీసుకొందాం. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం తొలగిన నీటి బరువు సుమారు 8 టన్నులు. దోనె సొంత బరువు 2 టన్నులు పోతే 6 టన్నులు మిగులుతుంది. మనిషికి 50 కిలోల చొప్పున 120 మంది.

కాబట్టి 150 మంది అంటే గాలి లేని నిశ్చలమైన నీటిలో, అంచు దాకా మునిగే స్థితి. సముద్ర ప్రయాణానికి 70, 80 మంది అయితే నమ్మదగిన మాట. కొలంబస్ తన 1493 నాటి ఉత్తరంలో చెప్పిన పెద్ద సంఖ్య కూడా అదే. ఇది మన ఊహతో చేసిన లెక్కే. అయినా పాత పత్రాల్లోని అంకెలను గుడ్డిగా నమ్మకుండా, గుడ్డిగా కొట్టిపారేయకుండా పరీక్షించే పద్ధతి ఇలాంటిది.

ఆ లెక్కలో కనిపించని విషయం ఒకటుంది. 20 మీటర్ల మానును అడవి నుంచి ఒడ్డుకు ఎంతమంది లాగి ఉంటారు? వాళ్ళకు అన్నన్ని రోజులు తిండి పెట్టింది ఎవరు?

5. పొలం, పెనం, ఉయ్యాల

ఆ తిండి పెట్టినది కర్రపెండలం. తైనోల ప్రధాన ఆహారం అదే. వదులుమట్టిని మోకాలెత్తు గుట్టలుగా పోసి, వాటిలో కర్రపెండలం ముక్కలు నాటేవారు. గుట్టల్లో నీరు నిలవదు, వేరు కుళ్ళదు, దుంప సులభంగా ఊరుతుంది. ఈ పొలాలను కొనూకోలు అనేవారు. చిలగడదుంప, మొక్కజొన్న, చిక్కుళ్ళు, వేరుశనగ, మిరప, అనాస, పత్తి కూడా పండించేవారు. మన వంటింట్లో వీటిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

వాళ్ళు ఎక్కువగా పండించిన చేదు రకం కర్రపెండలం విషపూరితం. దుంపను కోరినప్పుడు హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. దాన్ని తొలగించే పద్ధతిని వాళ్ళు పరిపూర్ణంగా సాధించారు. మొదట గరుకు పలక మీద దుంపను కోరుతారు. ఆ కోరును అల్లిన పొడవాటి గొట్టంలాంటి బుట్టలో కూరి, బరువు కట్టి సాగదీస్తారు, రసం కారిపోతుంది. మిగిలిన పిండిని గుండ్రటి మట్టి పెనం మీద రొట్టెగా కాలుస్తారు. హైడ్రోజన్ సయనైడ్ సుమారు 26 డిగ్రీల సెల్సియస్ వద్దే ఆవిరవుతుంది కాబట్టి, పెనం వేడికి మిగిలినదీ పోతుంది. కారిన రసాన్ని కూడా పారబోయరు. బాగా మరిగించి పులుసుగా వాడుకొంటారు.

ఈ రొట్టె పేరు కసాబే. ఎండబెడితే నెలల తరబడి నిలుస్తుంది. సముద్రం మీదికి పోయేవాడికి ఇంతకంటే మంచి సద్ది లేదు. దోనె, రొట్టె ఒకదానిపై ఒకటి ఆధారపడినవి. రొట్టె లేకుండా దూర ప్రయాణం లేదు. దోనె లేకుండా కర్రపెండలం ఈ దీవులకు వచ్చేదే కాదు. తైనోల ప్రధాన దేవుడైన యూకాహు కర్రపెండలానికీ, సముద్రానికీ ఒకే అధిపతి కావడం కాకతాళీయం కాదు. అతని తల్లి అతబే మంచినీటికి దేవత.

తర్వాతి కాలంలో కర్రపెండలం పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికీ వచ్చింది. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల మిల్లుల్లో తయారయ్యే సగ్గుబియ్యం ఈ దుంప పిండితోనే చేస్తారు. పండుగనాటి మన సగ్గుబియ్యం పాయసం వెనక ఉన్న కథ చాలా దూరం పోతుంది.

పనులు పంచుకొనేవారు. అడవి కొట్టడం, దోనెలు చేయడం, సముద్రపు వేట ఎక్కువగా మగవారి పని. రొట్టెలు కాల్చడం, పత్తి నేత, కుండలు చేయడం ఎక్కువగా ఆడవారి పని. పత్తితో నేసిన హమాకాలలో పడుకొనేవారు. నేల తేమ, పురుగు పుట్ర నుంచి రక్షణ. ఇళ్ళు కొయ్యలతో కట్టి తాటాకులాంటి ఆకులతో కప్పినవి. ఊరి నడుమ బాతే అనే మైదానంలో రబ్బరు బంతితో ఆడేవారు. ప్యూర్టోరికోలోని కాగ్వానా, తీబెస్ అనే చోట్ల రాళ్ళు పాతిన ఆ మైదానాలను నేటికీ చూడవచ్చు. అరేతో అనే నృత్యగీతాల ద్వారా పెద్దల కథలను పిల్లలకు అందించేవారు. నాయకుణ్ణి కసీకే అనేవారు. నాయకత్వం తల్లి వైపు వంశం నుంచి వచ్చే ఆచారం ఉండేది. స్త్రీలు కూడా కసీకేలు అయ్యేవారు.

6. సముద్రం ఒక దారి

మనకు దీవి అనగానే నాలుగు వైపులా నీటితో మూసుకుపోయిన చోటు అనిపిస్తుంది. దోనె ఉన్నవాడికి అలా అనిపించదు. దట్టమైన అడవిలో పది మైళ్ళు నడవడం కంటే నీటి మీద పోవడమే తేలిక. సముద్రం వాళ్ళకు గోడ కాదు, దారి.

దీనికి ఒక చక్కని ఉదాహరణ 1492 అక్టోబరు 15 నాటి దినచర్యలో ఉంది. రెండు దీవుల మధ్య ఒంటరిగా దోనెలో పోతున్న ఒక మనిషి కొలంబస్ ఓడలకు ఎదురయ్యాడు. అతని దగ్గర పిడికెడు రొట్టె ముక్క, బుర్రలో నీళ్ళు, ఎర్రమన్ను పొడి, కొన్ని ఎండుటాకులు ఉన్నాయి. ఒక చిన్న బుట్టలో గాజు పూసలు, రెండు స్పెయిన్ నాణేలు ఉన్నాయి. ఆ పూసలు, నాణేలు మూడు రోజుల క్రితం గ్వానహానీలో స్పెయిన్ వాళ్ళు ఇచ్చినవి. అంటే కొత్త మనుషులు వచ్చారన్న వార్తను సాక్ష్యంతో సహా అతడు పక్క దీవులకు మోసుకుపోతున్నాడు. ఒక మనిషి, ఒక తెడ్డు, ఒక రొట్టె ముక్క. ఆ దీవుల తపాలా వ్యవస్థ అదీ!

చేపలకు వలలు, గాలాలు, తీరాన కట్టిన దడులు వాడేవారు. తాబేళ్ళను పట్టడానికి రెమోరా అనే చేపకు తాడు కట్టి వదిలేవారు. దాని తలమీద అతుక్కొనే పట్టు ఉంటుంది. అది పోయి తాబేలును పట్టుకోగానే తాడు లాగేవారు. 1494లో రెండో యాత్ర సమయంలో స్పెయిన్ వాళ్ళు ఇది చూసి ఆశ్చర్యపోయారు.

7. 1492 తర్వాత

ఇక బాధాకరమైన భాగం. 1495లో హిస్పానియోలాలో బంగారం దొరికే ప్రాంతాల్లో, 14 ఏళ్ళు దాటిన ప్రతివారూ మూడు నెలలకొకసారి బంగారపు కప్పం కట్టాలని కొలంబస్ విధించాడు. తర్వాత ఎన్‌కోమియెండా పద్ధతి వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళనే స్పెయిన్ వలసదారులకు పంచి, గనుల్లోను, పొలాల్లోను వెట్టి చేయించారు. పొలం దున్నే చేతులు గనుల్లో ఉంటే కర్రపెండలం ఎవరు నాటుతారు? కరువు వచ్చింది. 1503లో జరాగ్వా ప్రాంతపు నాయకురాలు అనకావోనాను గవర్నరు ఒవాందో ఉరితీయించాడు. 1514లో పనివాళ్ళను పంచడానికి హిస్పానియోలాలో లెక్కిస్తే సుమారు 26,000 మంది మిగిలారు. 1518 చివర మశూచి వచ్చింది. ఆ జబ్బు ఎరుగని శరీరాలకు నిరోధక శక్తి లేదు.

బహామాల లుకాయన్లు మంచి ఈతగాళ్ళు. వారిని బానిసలుగా పట్టుకుపోయి, వెనెజువెలా తీరాన ముత్యాల కోసం సముద్రంలో మునిగే పనిలో పెట్టారు. వాళ్ళ నేర్పే వాళ్ళ ప్రాణం తీసింది. 1520 నాటికి ఆ దీవులు దాదాపు ఖాళీ అయ్యాయి.

దోనె ఈ కాలంలో తిరుగుబాటుకూ సాయపడింది. హిస్పానియోలా నాయకుడు హాతువే తన మనుషులతో దోనెల్లో క్యూబాకు దాటి, రాబోయే ప్రమాదం గురించి అక్కడివారిని హెచ్చరించి, పోరాడాడు. 1512లో స్పెయిన్ వాళ్ళు అతణ్ణి సజీవంగా దహనం చేశారు.

మరో సంఘటన చూడండి. నాలుగో యాత్రలో కొలంబస్ ఓడలు పురుగులు తొలిచి పాడైపోయాయి. 1503 జూన్ నుంచి ఏడాది పాటు జమైకాలో చిక్కుకుపోయాడు. తిండికోసం 1504 ఫిబ్రవరి 29న చంద్రగ్రహణం వస్తుందని చెప్పి అక్కడివారిని భయపెట్టిన కథ చాలా పుస్తకాల్లో ఉంది. అయితే అతణ్ణి ఆ దీవి నుంచి బయటపడేసింది గ్రహణం కాదు. అతని అనుచరులు డియేగో మెందెస్, బార్తొలొమెయో ఫియెస్కీ రెండు దోనెల్లో, దోనెకు పదిమంది స్థానికులు తెడ్లు వేయగా, సుమారు 200 కిలోమీటర్ల సముద్రం దాటి హిస్పానియోలాకు కబురు చేర్చారు. దారిలో నీళ్ళు అయిపోయి, తెడ్లు వేసేవారిలో కొందరు చనిపోయారు.

మెందెస్ ఆ రుణం మరవలేదు. 1536లో రాసిన వీలునామాలో, తన సమాధి రాతి మీద ఒక దోనె బొమ్మ చెక్కి, దానిపై 'కనోవా' అని రాయాలని కోరాడు. తెడ్లు వేసిన ఆ ఇరవై మంది పేర్లు మాత్రం చరిత్రలో ఎక్కడా లేవు.

8. 'అంతరించారు' అన్న మాట నిజమేనా?

చాలా కాలం పాఠ్యపుస్తకాలు తైనోలు పూర్తిగా అంతరించారని రాశాయి. ఒక సమాజంగా వారు నలిగిపోయిన మాట నిజం. కానీ కొందరు కొండల్లోకి పారిపోయారు. ఎందరో స్త్రీలు కొత్తగా వచ్చినవారి ఇళ్ళల్లో తల్లులయ్యారు. రాజోద్యోగుల లెక్కల్లో 'ఇండియన్' అనే గడి ఖాళీ అయినంత మాత్రాన మనుషులు లేకుండా పోరు.

మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. ప్యూర్టోరికోలో జరిగిన పరీక్షల్లో సుమారు 61 శాతం మందిలో అమెరికా ఆదివాసుల తల్లి వంశం కనిపించింది. 2018లో బహామాల్లోని ఎలూథెరా దీవి గుహలో దొరికిన, సుమారు వెయ్యేళ్ళనాటి ఒక స్త్రీ దంతం నుంచి పూర్తి జన్యుక్రమం చదివారు. ఆమెకు నేటి ప్యూర్టోరికో ప్రజలతో బంధుత్వం ఉందని తేలింది. 2020లో వెలువడిన మరో పరిశోధనలో, వేర్వేరు దీవుల్లో దొరికిన పురాతన అస్థికల మధ్య దూరపు చుట్టరికాలు బయటపడ్డాయి. దోనెలు కేవలం గొడ్డళ్ళను, రొట్టెలను కాదు, పెళ్ళి సంబంధాలను, అన్నదమ్ములను కూడా ఒక దీవి నుంచి మరో దీవికి మోశాయన్న మాట. నేడు ప్యూర్టోరికోలోను, డొమినికన్ రిపబ్లిక్‌లోను, క్యూబాలోను, అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోను తమను తైనోలమని చెప్పుకొనేవారు ఉన్నారు.

పాఠం సారాంశం

విద్యార్థులారా, ఒక దోనెలో మనం ఏమేం చూశామో గుర్తు చేసుకోండి. ఏ చెట్టు దేనికి పనికివస్తుందో తెలిసిన వృక్షశాస్త్రం ఉంది. నిప్పును అదుపులో పెట్టిన భౌతికశాస్త్రం, విషపు దుంపను అన్నంగా మార్చిన రసాయనశాస్త్రం ఉన్నాయి. వందల చేతులను ఒక్క పనిలో కలిపిన సమాజం ఉంది. ఆ సమాజానికి ఇనుము లేదు, చక్రాల బండి లేదు, లిపి లేదు. అవి లేవు కాబట్టి వాళ్ళు వెనకబడినవారని తీర్పు చెప్పినవాళ్ళు, వాళ్ళ రొట్టె తిని బతికారు, వాళ్ళ దోనె ఎక్కి ప్రాణాలు దక్కించుకొన్నారు.

ఒక జాతిని దాని దగ్గర లేనివాటితో కొలవడం సులభం. దాని దగ్గర ఉన్నవాటిని తెలుసుకోవడానికి ఓపిక కావాలి, ప్రశ్నలు కావాలి. మన దేశంలోని అడవి జాతులను, మత్స్యకారులను, వడ్రంగులను చూసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

ఆలోచించండి, చేసి చూడండి

1. నాలుగో భాగంలోని లెక్కను దోనె వెడల్పు 1.2 మీటర్లు, తొలగిన నీరు 6.4 ఘనపు మీటర్లు అనుకొని మళ్ళీ చేయండి. ఎంతమంది పడతారు?

2. బహామాల్లో రాతి గొడ్డళ్ళు దొరకడం వ్యాపారానికి సాక్ష్యమని అన్నాం. ఇంకే కారణం వల్ల అవి అక్కడికి చేరి ఉండవచ్చు? మీ తర్కాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.

3. మీ దగ్గరలోని చెరువు, ఏరు లేదా సముద్రతీరంలో దోనె, తెప్ప, పుట్టి వంటివి నడిపే పెద్దవారిని కలవండి. ఏ కొయ్య వాడతారు, ఎవరి దగ్గర నేర్చుకొన్నారు, ఎన్నేళ్ళు నిలుస్తుంది అని అడిగి రాసుకోండి. చెప్పినవారి పేరు తప్పక రాయండి.